ఒకే జాబితాలో చెవి పేపర్లు, మెరుపుల పేపర్లు: ఇద్దరు మనుషులు కలిసిపోయారా?

పెన్నాగట్టు (నెల్లూరు)
అందరికీ నమస్తే. నేను నెల్లూర్లో డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తా, పక్కన పార్ట్‌టైం పీహెచ్‌డీ చేస్తన్నా. సెమినార్‌కి మా గైడుగారు "ఒక శాస్త్రవేత్తను తీసుకో అమ్మా, ఆయన ప్రచురణలన్నీ పెట్టుకుని సైటేషన్లు ఎట్లా పెరిగాయో చూపించు" అన్నారు. నాకు ధ్వనిశాస్త్రం ఇష్టం, అందుకని లండన్‌కు చెందిన డేవిడ్ టి. కెంప్‌ను ఎంచుకున్నా. ఆసుపత్రిలో పసిపిల్లల చెవిలో చిన్న గొట్టం పెట్టి ఓఏఈ అని పరీక్ష చేస్తారే, దానికి ఆద్యుడు ఆయనే.

గూగుల్ స్కాలర్‌లో సైటేషన్ల (ఎంతమంది తమ పేపర్లలో ఉదహరించారన్న లెక్క) వరసలో చూస్తే ఏ చిక్కూ లేదు. 1978లో అకౌస్టికల్ సొసైటీ ఆఫ్ అమెరికా జర్నల్‌లో వచ్చిన పేపర్ అందరి నెత్తిన కూర్చుంది, ఆ ఒక్కదానికే వేలల్లో సైటేషన్లు. సంవత్సరాల వరసలో పెట్టి అడుక్కి దిగేసరికి మాత్రం 1971 దగ్గర ఆగిపోయా. జర్నల్ ఆఫ్ అట్మాస్ఫెరిక్ అండ్ టెరెస్ట్రియల్ ఫిజిక్స్‌లో పేపర్లు! ఎక్కడో పడ్డ పెద్ద మెరుపు ప్రపంచంలో ఏ మూల పడిందో ఒకే ఒక్క స్టేషన్‌లో కూర్చుని కనుక్కోవడం ఎలాగో అందులో ఉంది. చెవికీ దీనికీ ఏం సంబంధం? ఇద్దరు కెంప్‌లు కలిసిపోయారనుకుంటా. తీసేసి సెమినార్ ఇవ్వనా?

కావలి_ప్యాసింజర్
తీసెయ్యండి మేడం, ఆలోచించే పనే లేదు. మా డిపార్ట్‌మెంట్లో పి. శ్రీనివాసులు అని కెమిస్ట్రీ ఆయన ఉన్నాడు. స్కాలర్ ఆయన ఖాతాలో రొయ్యల తెగుళ్ళ మీద పేపర్లు, వేరుశనగ మీద పేపర్లు, ఆఖరికి అన్నమయ్య కీర్తనల మీద ఒక వ్యాసం కూడా చేర్చింది. మన జిల్లాలో "శ్రీనివాసులూ" అని బస్టాండులో కేకేస్తే సగంమంది వెనక్కి తిరుగుతారు, గూగుల్ మాత్రం ఏం చేస్తది పాపం. ఆయనేమో తీయకుండా అట్నే ఉంచుకున్నాడు, అది వేరే సంగతి.

గ్రంథాలయం_మెట్లు (నెల్లూరు)
పెన్నాగట్టు గారూ, తీయకండి. ఆ ఇద్దరూ ఒకరే.

కాలేజీ లైబ్రరీలో నాకిది రోజూ ఉండే పని కాబట్టి ఎలా తేల్చుకోవాలో చెబుతా. పేరు చూడటం చివర. ముందు తోటి రచయితల్ని చూడాలి, తర్వాత పేపర్ మీద రాసిన సంస్థను, ఆ తర్వాత కాలక్రమాన్ని. 1971 పేపర్లలో కొన్నిటికి తోటి రచయిత డి.ఎల్. జోన్స్. భూమి ఉపరితలానికీ అయనావరణానికీ మధ్య తిరిగే అతి తక్కువ పౌనఃపున్యపు విద్యుదయస్కాంత తరంగాలు వాళ్ళ విషయం. కెంప్ పేరు మీద మెరుపుల పేపర్లు ఆగిపోయాక, లండన్‌లోని రాయల్ నేషనల్ థ్రోట్, నోస్ అండ్ ఇయర్ హాస్పిటల్ చిరునామాతో చెవి పేపర్లు మొదలవుతాయి. రెండు వరుసలూ ఒకేకాలంలో నడిస్తే అనుమానించాలి. ఇక్కడ ఒకటి ముగిశాకే రెండోది మొదలైంది. మనిషి రంగం మారాడు, అంతే. తర్వాత ఆయన యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో శ్రవణ జీవభౌతికశాస్త్రం ప్రొఫెసర్ అయ్యారు, రాయల్ సొసైటీ ఫెలో కూడా.

ఆ 1971 పేపర్లు తీసేస్తే మీ సెమినార్‌లో అసలు ముక్కే పోతుంది.

రాళ్ళడాక్టర్ (పొదిలి)
అమ్మాయ్, నేను భూగర్భజలాల సర్వేలో పనిచేసి రిటైరైన జియోఫిజిక్స్ వాణ్ణి. చెవుల సంగతి నాకు తెలవదు గానీ ఆ మెరుపుల లెక్క చెప్తా, వినుకో.

భూమి ఒక గోళం. పైన అయనావరణం ఇంకో గోళం. రెండూ విద్యుత్తును పోనిచ్చేవే, మధ్యలో గాలి పోనివ్వదు. ఈ సందులో మెరుపు పడితే దాని అలలు భూమి చుట్టూ తిరిగి మళ్ళీ మొదటికి వస్తాయి. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు, భూమి చుట్టుకొలత 40 వేల కిలోమీటర్లు. అంటే సెకనులో ఏడున్నర చుట్లు. అందుకే ఆ దరిదాపుల్లో, సుమారు 7.8 హెర్ట్జ్ దగ్గర ఒక అనునాదం ఉంటది. ఆపైన 14, 20, 26 దగ్గర ఇంకా కొన్ని. షూమన్ అనే జర్మన్ 1952లో లెక్కగట్టాడు. ప్రపంచంలో ఏ క్షణాన చూసినా ఎక్కడో ఒకచోట ఉరుముతానే ఉంటది కాబట్టి ఈ మోత ఆగదు. మామూలు మెరుపులన్నీ కలిసి రొద. అప్పుడప్పుడూ మాత్రం ఒక భారీ పిడుగు పడి, ఆ రొద మీదుగా విడిగా లేచి కనపడిద్ది.

కెంప్, జోన్స్ పట్టుకున్నది ఆ భారీ వాటిని. రెండు కాయిల్స్ అడ్డంగా పెట్టి అయస్కాంత క్షేత్రం కొలిస్తే అల ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిసిద్ది. విద్యుత్ క్షేత్రానికీ అయస్కాంత క్షేత్రానికీ ఉన్న నిష్పత్తి పౌనఃపున్యంతోపాటు ఎట్లా మారతందో చూస్తే ఎంత దూరం నుంచి వచ్చిందో తెలిసిద్ది. దిక్కు తెలిసె, దూరం తెలిసె, ఇంక పటంలో చుక్క పెట్టుకోవడమే. కంప్యూటర్లు అరుదైన ఆ రోజుల్లో ఇది చిన్న పని కాదు.

1967 మార్చి 27న ఒంగోలు భూకంపం వచ్చింది, 5.4 తీవ్రత. నేనప్పుడు బళ్ళో ఉన్నా. తర్వాత జియోఫిజిక్స్ చదివేటప్పుడు మా సార్ ఆ భూకంపం పేరు చెప్పే నేర్పాడు: దగ్గర్లో వచ్చిన భూకంపానికి మొదటి అలకీ రెండో అలకీ మధ్య ఎన్ని సెకన్లుందో చూసి 8తో గుణిస్తే కిలోమీటర్లలో దూరం. ఒక్క స్టేషన్ చాలు. కెంప్ పనీ అదే బాపతు. వచ్చిన అల ఆకారాన్ని బట్టి అది నడిచొచ్చిన దారి చెప్పడం.

చెవిలోమాట (ఒంగోలు)
రాళ్ళడాక్టర్ బాబాయ్, ఆ చివరి వాక్యం మాక్కూడా పనికొస్తుంది. నేను ఆడియాలజిస్టుని. ఓఏఈ నా చేతిలో పని కాబట్టి రెండో సగం నేను చెప్తా.

పిల్ల నిద్రపోవాలి. తల్లి పాలిచ్చి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాక, ఫ్యాన్ కట్టేసి, మెత్తటి రబ్బరు మొన ఉన్న ప్రోబ్‌ను చెవి రంధ్రానికి బిగుతుగా పెడతాం. అందులోనే చిన్న స్పీకర్, చిన్న మైకు ఉంటాయి. స్పీకర్ టక్ టక్ మని క్లిక్కులు పంపుతుంది. క్లిక్ అయిపోయాక మైకు 20 మిల్లీసెకన్ల వరకూ వింటుంది. మొదటి మూడు నాలుగు మిల్లీసెకన్లలో వచ్చేది చెవి గొట్టం, కర్ణభేరి నుంచి తిరిగొచ్చిన శబ్దమే, దాన్ని వదిలేయాలి. ఆ తర్వాత ఏదైనా వస్తే అది లోపల నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా నుంచి వచ్చినది. ఒక్కో క్లిక్‌కి వచ్చే జవాబు చాలా సన్నగా ఉంటుంది, అందుకని వందల క్లిక్కుల జవాబుల్ని సగటు తీస్తాం. చుట్టుపక్కల రొద కొట్టుకుపోతుంది, కాక్లియా జవాబు నిలబడుతుంది.

1978 పేపర్ చెప్పింది ఇదే. బాగున్న చెవి, విన్న శబ్దానికి కాస్త ఆలస్యంగా తన శబ్దం తాను పంపుతుంది. కాక్లియా దెబ్బతిని వినపడని చెవి పంపదు. పైగా శబ్దం ఎంత చిన్నదైతే, దానితో పోల్చినప్పుడు జవాబు అంత పెద్దదిగా ఉంటుంది. ఉత్త ప్రతిధ్వని అలా ప్రవర్తించదు. అంటే లోపల ఏదో బలాన్ని కలుపుతోంది. అదేమిటో 1985లో బ్రౌనెల్ బృందం చూపించింది: కాక్లియాలోని బయటి వరుస హెయిర్ సెల్స్‌కి (సన్నటి రోమాలున్న కణాలకి) విద్యుత్ తగిలితే పొడుగూ పొట్టీ అవుతాయి. ఆ పని చేసే ప్రెస్టిన్ అనే ప్రోటీన్ 2000లో దొరికింది.

కెంప్ అంతటితో ఆపకుండా పరికరం దాకా వెళ్ళారు. 1988 నాటి ఐఎల్ఓ88 అనే యంత్రం ఆ పని నుంచే వచ్చింది. పుట్టిన ప్రతి బిడ్డకీ వినికిడి పరీక్ష చెయ్యాలని అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 1993లో సూచించిందంటే అలాంటి యంత్రాలు ఉండబట్టే.

రాళ్ళడాక్టర్
ఇంకేం, ఇది భూకంప తరంగాల సర్వేనే! నేల మీద ఒక దెబ్బ కొట్టి, నోరుమూసుకుని, కింద పొరల నుంచి ఏది ఎంతసేపటికి తిరిగొచ్చిందో చూడటం. పుచ్చకాయ కొనేవాడు తట్టి చూసే పద్ధతి. పిడుగులు చూసిన మనిషికి చెవిలో క్లిక్ కొట్టి ఆ తర్వాతి నిశ్శబ్దాన్ని కొలవాలని తట్టడంలో వింతేముంది? చెవి డాక్టర్లకు అప్పటిదాకా చెవి అంటే శబ్దం లోపలికి పొయ్యేది. బయటికొచ్చేదాని కోసం ఎవడూ మైకు పెట్టలేదు.

గ్రంథాలయం_మెట్లు
ఒకాయన పెట్టాడు బాబాయ్, ముప్పై ఏళ్ళ ముందే. పరికరాలు చాలక వినపడలేదు.

థామస్ గోల్డ్. 1920లో వియన్నాలో పుట్టారు, యుద్ధకాలంలో బ్రిటన్‌లో రాడార్ మీద పనిచేశారు. 1948లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో, ఒకటి పంఫ్రీ అనే తోటి శాస్త్రవేత్తతో కలిసి, ఇంకోటి ఒంటరిగా, చెవి మీద పేపర్లు రాశారు. వాదన సూటిగా ఉంటుంది. కాక్లియా నిండా ద్రవం. ద్రవంలో ఏ కంపనమైనా వెంటనే చచ్చిపోవాలి. అయినా మన చెవి దగ్గర దగ్గర స్వరాలను విడదీస్తోంది. కాబట్టి లోపల కంపనానికి బలమిచ్చే ఏర్పాటు ఉండి తీరాలి, అది హద్దు దాటితే చెవే మోగాలి. ఎవరూ పట్టించుకోలేదు. అప్పట్లో గేయోర్గ్ ఫాన్ బెకెషీ చనిపోయినవారి చెవుల్లో కొలిచిన తరంగాలదే రాజ్యం, ఆయనకు 1961లో నోబెల్ కూడా వచ్చింది. చనిపోయిన చెవిలో బలమిచ్చే ఏర్పాటు ఎలా కనపడుతుంది?

పెన్నాగట్టు గారూ, గోల్డ్ పేపర్ల సైటేషన్లను ఏడాదివారీగా గీయండి. 1978 ముందు దాదాపు నేలబారు, తర్వాత లేస్తుంది. ఆలస్యంగా గుర్తింపొచ్చే ఇలాంటి పేపర్లని సైటేషన్ల లెక్కలవాళ్ళు "నిద్రపోయే సుందరి" అంటారు.

ఇక అసలు విచిత్రం. గోల్డ్ కూడా రెండు రంగాల మనిషే, కాకపోతే ఎదురు దిశలో. చెవితో మొదలుపెట్టి, 1955లో భూమి భ్రమణాక్షం ఎంత స్థిరమో రాసి, 1968లో పల్సర్లు (లయగా రేడియో సంకేతాలు పంపేవి) తిరిగే న్యూట్రాన్ నక్షత్రాలని చెప్పి, 1992లో భూమి లోలోతుల్లో సూక్ష్మజీవుల లోకం ఉందన్న పేపర్‌కి చేరారు. కెంప్ భూమి నుంచి చెవికి వస్తే గోల్డ్ చెవి నుంచి భూమికి పోయారు. వాళ్ళిద్దరినీ పక్కపక్కన పెట్టి చూపించండి.

రాళ్ళడాక్టర్
ఓహో, ఆ గోల్డా! పెట్రోలూ గ్యాసూ చచ్చిన జీవాల నుంచి రాలేదు, భూమి లోతుల్లోంచే ఊరతందని చెప్పినాయన. ఆ మాట మీద స్వీడన్లో సిల్యాన్ దగ్గర గ్రానైట్‌లో ఆరు కిలోమీటర్లు దాటి బోరు వేశారు. అమ్ముకునేంత గ్యాస్ పడలా. మా కనిగిరి పక్క వెయ్యి అడుగులకే రైతు అప్పులపాలైపోతాడు, ఆయన ధైర్యానికి దణ్ణం పెట్టాలి. చెవి విషయంలో మాత్రం ఆయనే గెలిచాడన్నమాట.

అల్లూరు_చెరువు
ఒక చిన్న ముక్క. ఈ రెండు రంగాలకీ ఇంకో వంతెన ఉంది: వేవ్‌లెట్లు, అంటే సంకేతాన్ని చిన్న చిన్న అలల ముక్కలుగా విడదీసే గణితం. క్వార్కుల ఆలోచన చేసినవాళ్ళలో ఒకరైన జార్జ్ జ్వైగ్ చెవి వైపు వచ్చి 1970లలో ఆ గణితం దగ్గరికి చేరాడు. చమురు అన్వేషణలో భూకంప సంకేతాలు చూసే జాన్ మోర్లే వేరే దారిలో అక్కడికే వచ్చి, 1984లో గ్రాస్‌మన్‌తో కలిసి దాన్ని గట్టిగా నిలబెట్టాడు. సిగ్నల్ ప్రాసెసింగ్ చదివే పిల్లలకు మోర్లే పేరే తెలుసు.

ఉదయగిరి_కోట
7.83 హెర్ట్జ్ అంటే భూమాత గుండెచప్పుడు అండీ. రోజూ ఇయర్‌ఫోన్స్‌లో వింటే నిద్ర, బీపీ, షుగర్ అన్నీ సర్దుకుంటాయి. మన ఋషులకి ముందే తెలుసు. వీడియో లింక్ కావాలంటే పెడతా.

రాళ్ళడాక్టర్
పెట్టబాక నాయనా. అది శబ్దం కాదు, విద్యుదయస్కాంత తరంగం. శబ్దమే అయినా 20 హెర్ట్జ్ కింద మన చెవికి స్వరంగా వినపడదు. బలం సంగతి చూడు: మన ప్రాంతంలో భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లా. ఈ షూమన్ తరంగం ఒక పికోటెస్లా అటూఇటూ. నాలుగు కోట్లో వంతు. ఆ వీడియోలో నువ్వు వినేది వాడెవడో కంప్యూటర్లో కలిపిన హమ్మింగు. షుగర్ మాత్రలు మానబాక.

కావలి_ప్యాసింజర్
సరే, రెండు రంగాలూ కలిసాయి, బాగుంది. నాదొక పాపిష్టి ప్రశ్న. 1971 పేపర్లకి సైటేషన్లు తక్కువ, 1978 దానికి వేలు. మన పద్ధతిలో మార్కులేస్తే మెరుపుల పని దండగ అన్నట్టేగా? మా దగ్గర అదే కదా జరిగేది. యూజీసీ కేర్ అని ఆమోదించిన జర్నళ్ళ జాబితా అన్నారు, 2025లో ఎత్తేశారు. ఇప్పుడు ప్రమోషన్ కమిటీలో ఒకాయన స్కోపస్ డేటాబేస్ అంటాడు, ఇంకొకాయన హెచ్-ఇండెక్స్ అంటాడు. డబ్బు కడితే వారంలో అచ్చేసే జర్నల్ నుంచి నాకు రోజూ మెయిల్ వస్తది, "గౌరవనీయ మహోదయా" అని.

గ్రంథాలయం_మెట్లు
హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టింది. కనీసం 20 సైటేషన్లున్న పేపర్లు 20 ఉంటే మీ హెచ్ 20. అందులో 1978 పేపర్‌కి వేల సైటేషన్లున్నా లెక్క ఒక్కటే. కెంప్ చేసిన అతిపెద్ద పనిని ఆ అంకె ఒక పేపర్‌గానే చూస్తుంది.

ఇంకోటి. సైటేషన్ అంటే ఎంతమంది ఆ రంగంలో రాస్తున్నారో దాని మీద కూడా ఆధారపడుతుంది. అతి తక్కువ పౌనఃపున్యపు తరంగాల మీద పనిచేసేవాళ్ళు ప్రపంచం మొత్తంలో ఒక చిన్న గుంపు. ఓఏఈ మీద ఈఎన్‌టీ డాక్టర్లు, పిల్లల డాక్టర్లు, ఆడియాలజిస్టులు, ఇంజినీర్లు అందరూ రాస్తారు. రెండిటి అంకెలూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకే స్టేషన్ నుంచి మెరుపుల దూరం చెప్పే పని ఇప్పటికీ ఆ గుంపులో నడుస్తోంది, వాళ్ళు 1971 పేపర్లను ఉదహరిస్తూనే ఉన్నారు. యాభై ఏళ్ళ తర్వాత చిన్న గుంపులో బతికున్న పేపర్‌ని నేనైతే దండగ అనను.

శ్రీనివాసులు గారి విషయానికి వస్తే, 16 అంకెల ఓఆర్‌సీఐడీ (పరిశోధకుడి గుర్తింపు సంఖ్య) తీసుకుని ప్రతి పేపర్‌లో ఒకే విధంగా పేరు రాయమనండి. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక, ఒకసారి ఒట్టి అక్షరం రాస్తే ఏ డేటాబేసూ కాపాడలేదు. అన్నమయ్యను కూడా తీసెయ్యమనండి.

దర్శి_మెట్ట
పెద్దలకి నమస్కారం. మీ మాటలు సగం అర్థం కాలేదు గానీ చెవి టెస్టు గురించి మాట్లాడతన్నారని అడుగుతున్నా. మా పాపకి తొమ్మిది నెలలు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువై నీలం లైటు కింద ఉంచారు. పంపించేటప్పుడు ఈ ఓఏఈ చేసి "పాస్" అని కాయితం ఇచ్చారు. ఇప్పుడు వెనక నుంచి పిలిస్తే తిరగదు. మొన్న స్టీలు పళ్ళెం గచ్చు మీద పడితే ఉలిక్కిపడలా. ఇంట్లోవాళ్ళు పాస్ అయిందిగా, ఆలస్యంగా వచ్చిద్దిలే అంటన్నారు.

చెవిలోమాట
అన్నా, ఆగొద్దు. ఈ వారంలోనే బెరా పరీక్ష చేయించండి.

ఎందుకంటే, ఓఏఈ చూసేది బయటి హెయిర్ సెల్స్ వరకే. అక్కడి నుంచి నరం ద్వారా మెదడుకి శబ్దం పోతోందా లేదా అన్నది దానికి తెలియదు. కామెర్లు బాగా ఎక్కువైన పిల్లల్లో కొందరికి నరం దారి దెబ్బతింటుంది, హెయిర్ సెల్స్ బాగానే ఉంటాయి. అప్పుడు ఓఏఈ పాస్ అవుతుంది, పిల్లకి మాత్రం వినపడదు. బెరాలో నుదుటి మీద, చెవుల వెనక ఎలక్ట్రోడ్లు అతికించి మెదడు దాకా సంకేతం పోయే తీరు చూస్తారు. నొప్పి ఉండదు, నిద్రపుచ్చి చేస్తారు. అందుకే ఐసీయూలో ఉన్న పిల్లలకి ఓఏఈ ఒక్కటే సరిపోదని మేం మొత్తుకునేది.

మీది మేనరికమా?

దర్శి_మెట్ట
అవునమ్మా, మా మేనత్త కూతురు.

చెవిలోమాట
అయితే డాక్టరుకి ఆ సంగతి కూడా చెప్పండి. పుట్టుచెవుడుకి ఎక్కువగా కనపడే జన్యు కారణం కనెక్సిన్ 26 జన్యువు లోపం, అందులో మామూలుగా ఓఏఈ కూడా రాదు. కానీ ఓటోఫెర్లిన్ అనే జన్యువు లోపంలో ఓఏఈ వస్తుంది, వినికిడి ఉండదు. కామెర్లా, ఇదా, రెండూ కావా అన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. నెలలోపు పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలవ్వాలనేది మా లెక్క. మీరు దాటారు కాబట్టి తొందరపడాలి, కంగారుపడొద్దు. ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద జిల్లాలో ఉండే సత్వర చికిత్స కేంద్రానికి వెళ్తే డబ్బు ఖర్చు లేకుండా దారి చూపిస్తారు. కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి చెవిలో అమర్చే వినికిడి పరికరం) అవసరమని తేలితే ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవలో అది ఉంది, వయసు పరిమితితో. ఆ పాస్ కాయితం, పుట్టినప్పటి కామెర్ల రిపోర్టులు వెంట తీసుకెళ్ళండి. పాప పేరూ ఆసుపత్రి పేరూ ఇక్కడ రాయకండి.

దర్శి_మెట్ట
సరేనమ్మా. సోమవారం ఒంగోలు వస్తన్నాం.

పెన్నాగట్టు
అందరికీ థ్యాంక్స్. 1971 పేపర్లు ఉంచేశా, గోల్డ్‌ని కూడా చేర్చా. ఓఏఈ ఎక్కడ ఆగిపోతుందో చెప్పడానికి ఒక స్లయిడ్ పెట్టా, చెవిలోమాట అక్కా. నిన్న గైడుగారికి చూపించా. మెరుపుల దగ్గర ఆగి చాలాసేపు చదివారు, ఎలక్ట్రోడ్లు, కాయిల్స్ గురించి అడిగారు. చివర్లో "బాగుందమ్మా, ఇంతకీ హెచ్-ఇండెక్స్ ఎంత? మొదటి స్లయిడ్లో పెద్దక్షరాల్లో వెయ్యి" అన్నారు.

కావలి_ప్యాసింజర్
😂😂 నేను చెప్పలా?

గ్రంథాలయం_మెట్లు
వెయ్యండి, గొడవెందుకు. పక్కనే ఏ డేటాబేస్‌లో, ఏ తేదీన చూశారో చిన్నక్షరాల్లో రాయండి. స్కాలర్ అంకెకీ స్కోపస్ అంకెకీ పొంతన ఉండదు, కమిటీలో ఎవరో ఒకరు ఫోన్ తీసి చూస్తారు.